ఎన్‌ఎక్స్‌డీఎన్ స్క్రాంబుల్డ్ వాయిస్: డీఎస్‌డీ తరహా డీకోడర్‌లో డీస్క్రాంబ్లింగ్ ఎలా చేర్చాలి

ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో పనిచేసే వాకీటాకీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఛానెల్ సెట్టింగుల్లో స్క్రాంబ్లర్ అని ఒక గడి కనిపిస్తుంది. అక్కడ 1 నుంచి 32767 లోపు ఏదో ఒక నంబరు ఇస్తాం. రెండు సెట్లలోనూ అదే నంబరు ఉంటే మాట మామూలుగా వినిపిస్తుంది. ఆ నంబరు లేని సెట్‌లో వింటే గరగర, బీప్‌లు తప్ప ఇంకేమీ రాదు. మనం కంప్యూటర్‌లో వాడుకునే డీఎస్‌డీ (డిజిటల్ స్పీచ్ డీకోడర్) లాంటి ఓపెన్‌సోర్స్ డీకోడర్‌కు ఆ నంబరు తెలియదు కాబట్టి అది కూడా గరగరే వినిపిస్తుంది. కీ మన దగ్గర ఉన్నప్పుడు డీకోడర్ చేత ఆ మాటను సరిగ్గా పలికించడం ఎలా అన్నదే ఇక్కడ విషయం.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. డీస్క్రాంబ్లింగ్ కోడ్ పట్టుమని పది లైన్లు కూడా ఉండదు. సమయమంతా తినేది ఆ పది లైన్లను ఎక్కడ పెట్టాలో కనిపెట్టడం, ఏ ఫ్రేమ్ దగ్గర లెక్క ఎంతవరకు వచ్చిందో తప్పకుండా చూసుకోవడం. అందుకే ఈ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుదాం, మిగతావి త్వరగా దాటేద్దాం.

మీకు సీ భాష చదవడం, కాస్త రాయడం వచ్చు అనుకుంటున్నాను. గిట్, సీమేక్ వాడి ఉంటే చాలు. రేడియో థియరీ లోతుగా తెలియకపోయినా నెట్టుకురావచ్చు.

మొదట: ఎవరి మాట వింటున్నారు?

దీన్ని లాంఛనంగా చెప్పడం లేదు. భారత్‌లో టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023లోని సెక్షన్ 42 ప్రకారం అనుమతి లేకుండా సందేశాలను అడ్డగించి వినడం నేరం. 3 ఏళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడ స్కానర్లు బజార్లో దొరుకుతున్నాయి కదా అని ధైర్యపడకండి. స్క్రాంబుల్ లేదా ఎన్‌క్రిప్ట్ చేసిన రేడియో మాటను అక్కడి చట్టం అందరికీ అందుబాటులో ఉన్న ప్రసారంగా లెక్కగట్టదు.

కాబట్టి మీ సొంత సెట్లు, లేదా మీరు పనిచేసే చోట లైసెన్సు ఉన్న సెట్లు, అదీ బాధ్యుల అనుమతితో మాత్రమే వాడండి. హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉంది కదా, హ్యామ్ బ్యాండ్‌లో స్క్రాంబ్లర్ ఆన్ చేసి పరీక్షిద్దాం అనుకోవద్దు. అర్థం దాచడానికి సందేశాన్ని మార్చి పంపకూడదన్నది అమెచ్యూర్ సర్వీసుకు అంతర్జాతీయంగా ఉన్న నియమం. సెట్లు ఏవీ లేకపోయినా బెంగ లేదు. గాలిలోకి ఏమీ పంపకుండానే చాలావరకు పరీక్షించే దారి కింద ఉంది.

ఇంకొకటి. 32767 కీలంటే కంప్యూటర్‌కు చాలా చిన్న సంఖ్య. అన్నీ వరసగా ప్రయత్నించే ఆప్షన్ కూడా పెట్టేద్దాం అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. పెట్టకండి. కీ తెలిసినవాడికి అది అక్కర్లేదు, తెలియనివాడికి దాన్ని ఇవ్వకూడదు. ప్రాజెక్టు నడిపేవాళ్లను కూడా అనవసరమైన చిక్కులో పడేస్తుంది. మీ సంస్థ మాటలు నిజంగా బయటికి పొక్కకూడదంటే ఈ స్క్రాంబ్లర్‌ను నమ్ముకోకుండా ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్ ఉన్న సెట్లు కొనమని చెప్పండి.

మాట సెట్‌లోంచి స్పీకర్ దాకా ఎలా వస్తుంది

ఎన్‌ఎక్స్‌డీఎన్‌ను ఐకామ్, కెన్‌వుడ్ కంపెనీలు కలిసి రూపొందించాయి. ఐకామ్ దీన్ని ఐడాస్ పేరుతో, కెన్‌వుడ్ నెక్సెడ్జ్ పేరుతో అమ్ముతాయి. 6.25 కిలోహెర్ట్జ్ వెడల్పు ఛానెల్‌లో సెకనుకు 4800 బిట్లు పంపే రకాన్నే ఇక్కడ తీసుకుంటున్నాను. 9600 రకంలో కొలతలు కొన్ని మారతాయి. మొదట దీన్ని పని చేయించి తర్వాత దాని జోలికి వెళ్లడం మంచిది.

ఒక ఫ్రేమ్‌లో 384 బిట్లు ఉంటాయి. 4800తో భాగిస్తే సరిగ్గా 80 మిల్లీసెకన్లు. అందులో మొదటి 20 బిట్లు సింక్ కోసం. తర్వాతి 16 బిట్లు ఎల్‌ఐసీహెచ్, అంటే ఈ ఫ్రేమ్‌లో ఏముందో చెప్పే చిన్న చీటీ. తర్వాత 60 బిట్లు ఎస్‌ఏసీసీహెచ్ అనే నెమ్మది సిగ్నలింగ్ ఛానెల్. మిగిలిన 288 బిట్లు మాట. ఈ 288లో 72 బిట్ల వాయిస్ ఫ్రేములు 4 ఉంటాయి, ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్ల మాట. ఇలాంటి పెద్ద ఫ్రేములు 4 కలిస్తే ఒక సూపర్‌ఫ్రేమ్. అంటే 320 మిల్లీసెకన్లు, 16 వాయిస్ ఫ్రేములు. ఈ 16 అంకె గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

72 బిట్ల వాయిస్ ఫ్రేమ్‌లో అసలు మాట 49 బిట్లే. మిగతా 23 బిట్లు తప్పులు సరిదిద్దడానికి చేర్చినవి. 72 బిట్లు 24, 23, 11, 14గా నాలుగు ముక్కలు. మొదటి రెండు ముక్కలకు గోలే కోడ్ రక్షణ ఉంటుంది, వాటిలోంచి 12, 12 బిట్లు తేలతాయి. చివరి రెంటికీ రక్షణ లేదు, ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. 12, 12, 11, 14 కలిపితే 49.

స్క్రాంబ్లర్ పనిచేసేది ఈ 49 బిట్ల మీద. పంపే సెట్ ముందు 49 బిట్లను కలగలిపి, ఆ తర్వాతే గోలే రక్షణ చేర్చి 72 చేస్తుంది. మనం దీనికి తలకిందులుగా వెళ్లాలి. ముందు తప్పులు సరిదిద్దాలి, తర్వాత డీస్క్రాంబుల్ చేయాలి, ఆ తర్వాతే మాటగా మార్చాలి. ఈ వరస తప్పితే కీ ఎంత సరైనదైనా లాభం లేదు.

ఆ పది లైన్లు ఎక్కడ పెట్టాలి

డీఎస్‌డీ, దాని సంతతి ప్రాజెక్టులు మాట తయారీకి ఎంబీఈలిబ్ అనే లైబ్రరీ మీద ఆధారపడతాయి. అది 2010లో బయటికొచ్చింది, రాసినవాళ్లు తమ పేరు చెప్పుకోలేదు. లైసెన్సు ఐఎస్‌సీ కాబట్టి మార్చుకోవడానికి అడ్డేమీ లేదు. ఆంబీ వోకోడర్ (మాటను కొద్ది బిట్లలోకి కుదించే పద్ధతి) పేటెంట్ల సంగతి వేరు, మీ దేశంలో దాన్ని మీరే చూసుకోవాలి.

అసలు చిక్కు ఆ లైబ్రరీలోనే ఉంది. ఎక్కువ డీకోడర్లు 72 బిట్ల ఫ్రేమ్‌ను ఇచ్చి ఆడియో తీసుకునే ఒక్క పెద్ద ఫంక్షన్‌ను పిలుస్తాయి. లోపల నాలుగు పనులు వరసగా జరిగిపోతాయి. మొదటి ముక్కను గోలేతో సరిచేయడం, ఆ ఫలితంతో రెండో ముక్క మీది ముసుగు తీయడం, రెండో ముక్కను సరిచేసి 49 బిట్లు ఒకచోట పేర్చడం, చివరగా ఆ 49 నుంచి ఆడియో తయారుచేయడం. మనకు చొరబడాల్సిన చోటు మూడో పనికీ నాలుగో పనికీ మధ్య. పెద్ద ఫంక్షన్‌ను పిలిచినంతకాలం అక్కడికి చేరలేం.

అదృష్టవశాత్తు ఆ నాలుగు పనులకూ లైబ్రరీలో విడివిడి ఫంక్షన్లు బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. డీఎస్‌డీలో వాయిస్ ఫ్రేమ్‌ను నడిపించే ఫైల్ తెరవండి. ఎన్‌ఎక్స్‌డీఎన్ దారిలో పెద్ద ఫంక్షన్ పిలుపును తీసేసి ఆ నాలుగింటినీ వరసగా పిలవండి. తప్పుల లెక్క రెండు చోట్ల వస్తుంది, మొదటి దశ తర్వాత ఒకటి, మూడో దశ తర్వాత ఒకటి. పెద్ద ఫంక్షన్ ఆ రెంటినీ కలిపి మొత్తంగా చివరి దశకు ఇస్తుంది. మీరూ అలాగే కలిపి ఇవ్వాలి, లేకపోతే సిగ్నల్ బలహీనపడ్డప్పుడు ఆడియో ప్రవర్తన మారిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ప్రోగ్రామ్‌ను కంపైల్ చేయండి. స్క్రాంబుల్ కాని రికార్డింగ్ ఒకటి తీసుకుని పాత ప్రోగ్రామ్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి వేవ్ ఫైల్ రాయించి పోల్చండి. ఎక్కడైనా తేడా వస్తే ముందుకు వెళ్లకండి. మధ్యమధ్యలో కాస్త హిస్ ఉండే శబ్దాల దగ్గర మాత్రం లైబ్రరీ రాండమ్ సంఖ్యలు వాడుతుంది. ఆ గింజంత తేడాను తప్పుగా లెక్కపెట్టొద్దు. 49 బిట్లనే ఒక ఫైల్‌లో ముద్రించి పోలిస్తే ఆ గొడవ కూడా ఉండదు. ఈ మార్పును విడిగా ఒక కమిట్‌గా పెట్టండి.

సోర్స్ వెతికేటప్పుడు ఒక పక్కదారి మిమ్మల్ని తప్పకుండా పిలుస్తుంది. స్క్రాంబుల్, డీస్క్రాంబుల్ అని వెతికితే ఎన్‌ఎక్స్‌డీఎన్ ఫైల్‌లో ఆ పేరుతో ఒక ఫంక్షన్ ఇప్పటికే దొరుకుతుంది. అది మనకు కావాల్సింది కాదు. సింక్ తర్వాతి సింబల్స్ అన్నిటినీ 9 బిట్ల రిజిస్టర్ నుంచి వచ్చే వరసతో కలపడం ఈ ప్రమాణంలోనే భాగం. ఒకే రకం సింబల్స్ వరసగా పోగుపడకుండా చేసే ఏర్పాటు అది. ప్రతి సెట్‌లోనూ ఒకేలా ఉంటుంది, దానికి కీ లేదు. ఇందాక చెప్పిన రెండో ముక్క ముసుగు కూడా అలాంటిదే, అది వోకోడర్ సొంత ఏర్పాటు. ఈ రెంటినీ ముట్టుకోకండి. మీరు చేర్చే ఫంక్షన్‌కు వాయిస్ ప్రైవసీ అని కలిసొచ్చే పేరు పెడితే తర్వాత చదివేవాళ్లకు ఈ గందరగోళం ఉండదు.

రిజిస్టర్

స్క్రాంబ్లర్ అంటే 15 బిట్ల ఎల్‌ఎఫ్‌ఎస్‌ఆర్, అంటే ఫీడ్‌బ్యాక్ ఉన్న షిఫ్ట్ రిజిస్టర్. కీ నంబరే దాని మొదటి విలువ. కుడివైపు చివరి బిట్‌ను 0వ బిట్ అనుకుంటే పని ఇలా సాగుతుంది.

0వ బిట్‌ను బయటికి తీసుకోండి, వరసలో అదే ఇప్పటి బిట్. 0వ బిట్‌నూ 1వ బిట్‌నూ ఎక్సార్ చేసి కొత్త బిట్ తయారుచేయండి. రిజిస్టర్‌ను కుడికి ఒక స్థానం జరపండి. కొత్త బిట్‌ను ఎడమ చివర, అంటే 14వ స్థానంలో పెట్టండి. బయటికి తీసిన బిట్‌ను 49 బిట్లలో ఇప్పటి బిట్‌తో ఎక్సార్ చేయండి. అంతే. దీన్ని ఫ్రేమ్‌కు 49 సార్లు చేయాలి. ఎంబీఈలిబ్ 49 బిట్లను ఏ వరసలో పేరుస్తుందో ఆ వరసలోనే మొదటి నుంచి చివరి దాకా వెళ్లండి.

కీ 0 అయితే రిజిస్టర్ ఎప్పటికీ 0గానే ఉండిపోతుంది, మాటలో ఏ మార్పూ రాదు. మిగతా ఏ కీతో మొదలుపెట్టినా 32767 అడుగుల తర్వాతే వరస తిరిగి మొదటికి వస్తుంది. నిజానికి ఇక్కడో తమాషా ఉంది. 32767 కీలన్నీ ఒకే పెద్ద చక్రంలోని వేర్వేరు మొదలు స్థానాలే. కీ మార్చడమంటే ఆ చక్రంలో ఇంకో చోట దిగడమే.

ఇది సరిగ్గా రాశారో లేదో చెవితో కాకుండా కాగితంతో తేల్చుకోండి. కీ 1 ఇచ్చి మొదటి 49 బిట్లు ముద్రించండి. లెక్క 0 నుంచి మొదలైతే 0, 15, 29, 30, 43, 45 స్థానాల్లో మాత్రమే 1 రావాలి, మిగతావన్నీ 0. ఆపకుండా తర్వాతి 49 తీస్తే, రెండో ఫ్రేమ్ లోపలి లెక్కలో 8, 9, 10, 11, 22, 26, 36, 37, 40, 41 స్థానాల్లో 1 ఉండాలి. ఈ రెండు వరసలనూ యూనిట్ టెస్టుగా రాసి ప్రాజెక్టులో చేర్చండి. మొదటిది రిజిస్టర్‌ను పట్టిస్తుంది, రెండోది ఫ్రేమ్ మారేటప్పుడు రిజిస్టర్ విలువను మరిచిపోయే తప్పును పట్టిస్తుంది.

రెండుసార్లు వేస్తే మొదటిది తిరిగొచ్చింది, కాబట్టి కోడ్ సరైనదే అనే పరీక్ష మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి. ఎక్సార్ స్వభావమే అది. తప్పు రిజిస్టర్‌తో రెండుసార్లు వేసినా మొదటిది చక్కగా తిరిగొస్తుంది.

ఎక్కడున్నాం అనే లెక్క

ప్రతి సూపర్‌ఫ్రేమ్ మొదట్లో రిజిస్టర్ మళ్లీ కీ విలువకు వస్తుంది. అక్కడి నుంచి 16 వాయిస్ ఫ్రేములకూ, అంటే 784 బిట్లకూ ఆపకుండా నడుస్తుంది. తర్వాత మళ్లీ మొదటికి. ఇలా ఎందుకంటే, మధ్యలో ఛానెల్‌లోకి వచ్చిన సెట్ కూడా ఎక్కువసేపు ఆగకుండా వినగలగాలి.

చాలామంది చేతికి మొదట వచ్చే కోడ్ ఏమిటంటే, రిజిస్టర్ విలువను డీకోడర్ స్థితిలో దాచుకుని, ఒక్కో వాయిస్ ఫ్రేమ్ వచ్చినప్పుడల్లా 49 అడుగులు ముందుకు నడిపించడం. సిగ్నల్ బాగున్నంతసేపు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఒక్క ఫ్రేమ్ సింక్ తప్పిందంటే మాత్రం ఆ సూపర్‌ఫ్రేమ్ మిగతా భాగమంతా గరగరే. సింక్ తిరిగొచ్చినా మన రిజిస్టర్ వెనకబడే ఉంటుంది.

కూడుకుంటూ పోయే బదులు స్థానాన్ని ప్రతిసారీ కొత్తగా లెక్కగట్టండి. సమాచారం ఫ్రేమ్‌లోనే ఉంది. ఎస్‌ఏసీసీహెచ్‌ను డీకోడ్ చేస్తే 26 బిట్లు వస్తాయి. మొదటి 2 బిట్లు ఇది సూపర్‌ఫ్రేమ్‌లో ఎన్నో వంతో చెబుతాయి, తర్వాతి 6 బిట్లు ఆర్‌ఏఎన్ (రేడియో యాక్సెస్ నంబర్), మిగతా 18 బిట్లు సందేశంలో ఒక ముక్క. మొదటి 2 బిట్ల విలువ 3 అయితే ఇది మొదటి ఫ్రేమ్, 2 అయితే రెండోది, 1 అయితే మూడోది, 0 అయితే చివరిది. లెక్క కిందికి దిగుతుందని గమనించండి, 3 నుంచి ఆ విలువను తీసేస్తే మనకు కావాల్సిన వరస నంబరు వస్తుంది.

ఇక స్థానం సులువు. వరస నంబరును 196తో గుణించి, దానికి ఫ్రేమ్ లోపలి వాయిస్ నంబరును, 0 నుంచి 3 లోపు ఉండేదాన్ని, 49తో గుణించి కలపండి. కీతో మొదలుపెట్టి రిజిస్టర్‌ను అన్ని అడుగులు నడిపించి, అక్కడి నుంచి 49 బిట్లు వాడుకోండి. ప్రతిసారీ మొదటి నుంచి నడిపిస్తే వేగం దెబ్బతింటుందేమో అని టెన్షన్ పడక్కర్లేదు. గరిష్ఠంగా 784 అడుగులు, అదీ 20 మిల్లీసెకన్లకు ఒకసారి. రాస్‌ప్బెర్రీ పైకి కూడా అది లెక్కలోకి రాదు. ఇంకా చాదస్తం ఉంటే కీ పెట్టగానే 784 బిట్లనూ ఒక యారేలో నింపేసుకోండి, చాలు.

ఈ పద్ధతితో ఇంకో లాభం ఉంది. కొన్నిసార్లు ఫ్రేమ్‌లో సగం మాటను తీసేసి ఆ చోట ఎఫ్‌ఏసీసీహెచ్ అనే వేగం సిగ్నలింగ్‌ను పంపుతారు. అప్పుడు 4 వాయిస్ ఫ్రేములకు బదులు 2 మాత్రమే వస్తాయి. కూడుకుంటూ పోయే కోడ్ ఇక్కడ దారి తప్పుతుంది. స్థానంతో లెక్కగట్టే కోడ్‌కు, రెండో సగంలో ఉన్న మాట 2, 3 నంబర్లదే అని తెలుసు. మీ సెట్లు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కిన తొలి క్షణాల్లో ఇలాంటి ఫ్రేములు పంపుతుంటాయి కాబట్టి మొదటి మాట తెగకుండా వస్తోందా అని ప్రత్యేకంగా చూడండి.

ఎస్‌ఏసీసీహెచ్‌లో తప్పులు పట్టే సీఆర్‌సీ లెక్క తప్పితే? అప్పుడు దానిలోని వరస నంబరును నమ్మకండి. గత ఫ్రేమ్ నంబరుకు ఒకటి కలిపి 4తో భాగించగా మిగిలింది తీసుకోండి. వరసగా ఎక్కువ ఫ్రేములు ఇలా పోతే ఆ భాగాన్ని మ్యూట్ చేయడమే మంచిది. చెవుల్లోకి గరగర కొట్టడం కంటే నిశ్శబ్దం నయం.

కీని ఎప్పుడు వాడాలి

కీ ఇచ్చారు కదా అని వచ్చే ప్రతి మాట మీదా ఎక్సార్ చేస్తే స్క్రాంబుల్ కాని మాట పాడైపోతుంది. ఆ మాట ఏ రకమో సందేశంలోనే ఉంటుంది. 4 ఎస్‌ఏసీసీహెచ్ ముక్కలను కలిపితే 72 బిట్ల సందేశం వస్తుంది. అది వాయిస్ కాల్ సందేశమైతే, 0 నుంచి లెక్కపెట్టి 24వ బిట్ నుంచి 16 బిట్లు పంపినవారి ఐడీ, తర్వాతి 16 బిట్లు అందుకునేవారి ఐడీ, 56వ బిట్ నుంచి 2 బిట్లు సైఫర్ రకం, ఆ తర్వాతి 6 బిట్లు కీ ఐడీ. సైఫర్ రకం 0 అంటే మామూలు మాట, 1 అంటే స్క్రాంబ్లర్, 2 అంటే డీఈఎస్, 3 అంటే ఏఈఎస్. మనం 1 అయినప్పుడే రంగంలోకి దిగాలి. 2, 3 వస్తే స్క్రీన్ మీద ఆ సంగతి చూపించి ఆడియోను మ్యూట్ చేసేయండి.

ఇబ్బంది ఎక్కడంటే, మధ్యలో వినడం మొదలుపెడితే ఈ సందేశం పూర్తి కావడానికి 4 ముక్కలూ రావాలి. కాబట్టి కనీసం ఒక సూపర్‌ఫ్రేమ్ పోతుంది. మొదటి నుంచి వింటే ఎఫ్‌ఏసీసీహెచ్ అదే సంగతిని ముందే చెప్పేస్తుంది. అందుకని రెండు ఆప్షన్లు పెట్టండి. సాధారణంగా సైఫర్ రకం తెలిసేవరకు డీస్క్రాంబుల్ చేయకూడదు. వాడేవారు కావాలని బలవంతపు ఆప్షన్ ఇస్తే, సందేశం కోసం ఆగకుండా మొదటి నుంచే కీ వాడాలి. తమ ఛానెల్ ఎప్పుడూ స్క్రాంబుల్డ్‌గానే ఉంటుందని తెలిసినవాళ్లకు ఇది పనికొస్తుంది. కాల్ ముగియగానే సైఫర్ రకాన్ని తెలియదు అనే స్థితికి మార్చడం మరవకండి. లేకపోతే తర్వాత వచ్చే మామూలు కాల్ మొదటి మాట పాడైపోతుంది.

కీని కమాండ్‌లో నేరుగా టైప్ చేయిస్తే అది షెల్ హిస్టరీలో ఉండిపోతుంది, ప్రాసెస్ లిస్టులోనూ కనిపిస్తుంది. ఫైల్ నుంచి చదివించడం మేలు. 1 నుంచి 32767 దాటితే వెంటనే ఆపి తప్పు చెప్పాలి, నిశ్శబ్దంగా కత్తిరించుకుని ముందుకు పోకూడదు. లాగ్‌లో కీ ఐడీ రాయొచ్చు, కీ మాత్రం ఎప్పుడూ రాయొద్దు. సాయం కోసం లాగ్ ఫైల్ యథాతథంగా నలుగురిలో అతికించేవాళ్లు చాలామంది ఉంటారు.

పరీక్ష

సెట్లు లేనివాళ్ల సంగతి ముందు. స్క్రాంబుల్ కాని ఎన్‌ఎక్స్‌డీఎన్ రికార్డింగ్‌ను డీకోడ్ చేస్తూ 49 బిట్ల దగ్గర మీ ఫంక్షన్‌తోనే కలగలిపి ఫైల్‌లో రాసుకోండి. దాన్ని తిరిగి చదివి డీస్క్రాంబుల్ చేసి ఆడియో వినండి. రిజిస్టర్ సరైనదని పైన చెప్పిన స్థానాల పట్టీతో ముందే తేల్చుకున్నారు కాబట్టి, ఇది చూసేది స్థానం లెక్కనే. మధ్యలో కొన్ని ఫ్రేములు కావాలని తీసేసి చూడండి. ఆ ఖాళీ తర్వాత మాట వెంటనే సర్దుకుంటే లెక్క బాగున్నట్టే.

లైసెన్సు ఉన్న సెట్లు ఉంటే ఒకే వాక్యాన్ని స్క్రాంబ్లర్ లేకుండా ఒకసారి, కీ 1తో ఒకసారి, ఏదైనా పెద్ద కీతో ఒకసారి పంపి రికార్డ్ చేయండి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే సరిపోతుంది, పోల్చుకోవడం తేలిక. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ పెట్టి పవర్ తగ్గించండి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న యూఎస్‌బీ రిసీవర్ బల్లకు అవతల ఉన్నా సిగ్నల్ పట్టేస్తుంది. ఎఫ్‌ఎం డీమాడ్యులేషన్ ముడి ఆడియోనే కావాలి. డీఎంఫసిస్, స్క్వెల్చ్, నాయిస్ రిడక్షన్ అన్నీ ఆపేయండి. 48000 హెర్ట్జ్, 16 బిట్, మోనోలో దాచండి.

విన్నప్పుడు ఏది దేనికి గుర్తో తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది. తప్పులు సరిదిద్దిన లెక్క ఎక్కువగా చూపిస్తూ మాట చెడితే అది రేడియో వైపు సమస్య. కీని అనవసరంగా అనుమానించకండి. తప్పుల లెక్క సున్నా దగ్గరే ఉండి మాట పూర్తిగా గరగరగా ఉంటే సిగ్నల్ బాగానే ఉంది, డీస్క్రాంబ్లింగే తప్పు. గోలే రక్షణ స్క్రాంబ్లింగ్‌కు బయట ఉంది కాబట్టే ఈ తేడా ఇంత స్పష్టంగా కనిపిస్తుంది.

తప్పు కీ గరగరకు ఒక ప్రత్యేక రూపం కూడా ఉంది. 49 బిట్లలో గొంతు శ్రుతిని (పిచ్‌ను) చెప్పే 7 బిట్ల విలువ 0 నుంచి 127 లోపు ఉంటుంది. 120 నుంచి 123 వస్తే లైబ్రరీ ఆ ఫ్రేమ్ చెడిపోయిందనుకుంటుంది, 124, 125 నిశ్శబ్దం, 126, 127 టోన్. బిట్లు యాదృచ్ఛికంగా ఉంటే 16 ఫ్రేముల్లో సగటున ఒకటి ఈ 8 విలువల్లో పడుతుంది. అందుకే తప్పు కీతో వింటే గరగర మధ్యలో బీప్‌లు, తునకలు తునకలుగా నిశ్శబ్దం వినిపిస్తాయి. ఈ విలువను ఫ్రేమ్ వారీగా ముద్రిస్తే వినకుండానే తెలిసిపోతుంది. సరైన కీతో పలికే అచ్చుల దగ్గర అది మెల్లగా జారుతూ పోతుంది, తప్పు కీతో గంతులు వేస్తుంది.

80 మిల్లీసెకన్లు మాట బాగుండి మిగతా 240 గరగర వస్తుంటే ప్రతి ఫ్రేమ్‌లోనూ రిజిస్టర్‌ను మొదటికి తెస్తున్నారు. ప్రతి 80లోనూ మొదటి 20 మాత్రమే బాగుంటే లోపలి వాయిస్ నంబరు పెరగడం లేదు. మాట అంతా బాగుండి కాల్ మొదట్లో మాత్రం ఒక క్షణం బురబుర వస్తే అది పాత స్థితి. వోకోడర్ ఒక్కో ఫ్రేమ్ బలాన్ని ముందు ఫ్రేమ్‌తో కలిపి లెక్కగడుతుంది కాబట్టి చెడ్డ ఫ్రేమ్ ప్రభావం కాసేపు వెంటాడుతుంది. కొత్త కాల్ మొదలైనప్పుడు, కీ మారినప్పుడు ఎంబీఈలిబ్ పాత పారామీటర్లను తుడిచేసే ఫంక్షన్‌ను పిలవండి.

పంపేటప్పుడు

ఒకేసారి పెద్ద ప్యాచ్ పంపితే ఎవరూ చదవరు. పెద్ద ఫంక్షన్‌ను నాలుగుగా విడదీసిన కమిట్ ఒకటి, రిజిస్టర్, దాని టెస్టులు ఒకటి, స్థానం లెక్క ఒకటి, ఆప్షన్లు, వాటి వివరణ ఒకటి అన్నట్టు వరసగా పెట్టండి. మొదటిది ఒక్కటే అంగీకరించినా ప్రాజెక్టుకు లాభమే. ఇలాంటి పని వేరే ఫోర్క్‌లో ఇప్పటికే ఉందేమో కూడా చూడండి. డీఎస్‌డీ-ఎఫ్‌ఎంఈలో ఎన్‌ఎక్స్‌డీఎన్ స్క్రాంబ్లర్ కీ తీసుకునే సౌకర్యం ఉంది. అందులోంచి కోడ్ తీసుకుంటే దాని లైసెన్సు మీ ప్రాజెక్టు లైసెన్సుతో పొసుగుతుందో లేదో చూసి, మూలం చెప్పి తీసుకోండి.

టెస్టుల కోసం రికార్డింగ్ జతచేయాలనుకుంటే అందులో మీ గొంతే ఉండాలి, యూనిట్ ఐడీలు పరీక్ష కోసం పెట్టినవై ఉండాలి. వాడుకలో ఉన్న కీతో చేసిన రికార్డింగ్ ఎప్పుడూ జతచేయకండి.

ఇదే కట్టడం మీద తర్వాత ఏదైనా చేయాలనిపిస్తే ఎం17 అనే డిజిటల్ రేడియో పద్ధతి వైపు చూడండి. దాని ప్రమాణం, కోడెక్ రెండూ ఓపెన్, కోడెక్2 వాడుతుంది కాబట్టి పేటెంట్ల బెడద ఉండదు. అందులో 8, 16, 24 బిట్ల స్క్రాంబ్లర్లు మూడు ఉన్నాయి. రిజిస్టర్ పొడవు, ఫీడ్‌బ్యాక్ తీసుకునే స్థానాలు బయటి నుంచి ఇచ్చేలా మీ ఫంక్షన్‌ను ఇప్పుడే రాసిపెట్టుకుంటే అప్పుడు దాన్ని మళ్లీ తిరగరాయక్కర్లేదు.